కుక్క వాటా

కిరండూల్ పాసింజరు విశాఖపట్నం స్టేషన్లో పొద్దున్న ఏడుకు పది నిమిషాల ముందు కదులుతుంది. అరకు వెళ్లేవాళ్లు ఆరింటికల్లా ప్లాట్‌ఫారం మీద ఉండాలి, లేకపోతే కిటికీ దొరకదు. మేం ఐదున్నరకే ఉన్నాం. అయినా దొరకలేదు. మాతో ఒక ఐసు పెట్టె, రెండు మందుల పెట్టెలు, నాలుగు డజన్ల కుక్క బెల్టులు, ఒక బస్తాడు కుక్క బిస్కెట్లు, చుట్టచుట్టిన బ్యానరు ఒకటి ఉన్నాయి. వాటిని ఎక్కించేలోపు కిటికీలన్నీ సొరంగాలు చూడ్డానికొచ్చిన కాలేజీ పిల్లలు పట్టేశారు.

మేం అంటే ముగ్గురం. మొదట సరోజిని మేడం. ఆవిడ భర్త పోర్టులో పెద్ద ఉద్యోగి. నగరంలో కుక్కల్ని ప్రేమించేవాళ్లందరినీ పోగుచేసి ఆవిడ ఒక సంఘం పెట్టి, దానికి తానే అధ్యక్షురాలైంది. రెండోది నేను, పశువుల డాక్టర్ని. అలాగని ఆవుల్నీ గేదెల్నీ చూస్తాననుకునేరు. గేదెను దగ్గరగా చూసి పదిహేనేళ్లయింది. నా క్లినిక్కి వచ్చేవన్నీ బొచ్చు కుక్కలు. వాటికి జబ్బుల కన్నా పుట్టినరోజులు ఎక్కువ. మూడోది మా కాంపౌండరు అప్పల్రాజు, భీమిలి వాడు. నోరు ఊరుకోదు గానీ చెయ్యి మంచిది.

ఇది ఇప్పటి మాట కాదు. సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. శృంగవరపుకోట దాటితే టైం చూసుకోవడానికి తప్ప అవి ఇంకెందుకూ పనికొచ్చేవి కావు. పెదబయలు అవతల కొండ ఊళ్లలో పిచ్చికుక్కల బెడద ఎక్కువైందని ఎవరో చెబితే మేడం మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. నాలుగో రోజు తినేసి నాకు ఫోన్ చేసింది. "డాక్టరు గారూ, మనం వెళ్లాలి. అరవై కుక్కలకు టీకాలు వేద్దాం. వీలైతే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు కూడా చేద్దాం." కాదనలేకపోయాను. ఆవిడకు మూడు కుక్కలున్నాయి. మూడూ నా క్లినిక్కే వస్తాయి.

టీకా మందు చల్లగా ఉండాలి కాబట్టి ఫిషింగ్ హార్బర్లో ఐసు కొని పెట్టె నింపాం. కొత్తవలస దాటేసరికి పెట్టెలోంచి పండుగొప్ప చేపల వాసన గుప్పున కొట్టడం మొదలైంది. ఎదుటి సీట్లో అరకులో కిరాణా కొట్టు ఉన్న ఒకాయన కూర్చున్నాడు. కాసేపు ఓపిక పట్టి చూశాడు.

"ఏటండీ, సేపలా?"

"కాదండి, టీకాలు. కొండల్లో కుక్కలకు వెయ్యడానికి వెళ్తున్నాం. ఉచితం."

ఆయన ఆలోచించాడు. "మా దగ్గిర మనుసులకి డాట్రు కావాలని కాయితం ఎట్టి నాలుగేళ్లయినాది. కుక్కలు ఎవులికెట్టాయండీ కాయితం?"

నేను ఐసు పెట్టె మూత ఇంకాస్త బిగించాను. మేడం మాత్రం "మూగజీవాలు కదండీ, అవి అడగలేవు" అంది. ఆయన మర్యాదగా తల ఊపి కిటికీ వైపు తిరిగాడు.

శృంగవరపుకోటలో ఇడ్లీ తినండి, వడ తినకండి. వడ నిన్నటిది. అక్కణ్ణుంచి రైలు కొండెక్కుతుంది, సొరంగాలు మొదలవుతాయి. సొరంగం వచ్చిన ప్రతిసారీ కాలేజీ పిల్లలు కేకలు పెట్టారు. సొరంగాలు ఎన్నో లెక్కపెడతానని పూనుకున్న మేడం ఇరవై దాటాక నిద్రపోయింది. పదకొండున్నరకు అరకులో దిగాం. స్టేషను బయట భోజనం బాగానే ఉంది. పప్పులో ఏదో కొండ ఆకు వేశారు, పేరడిగితే "ఆకే" అన్నారు. ఆరువందలకు జీపు మాట్లాడుకుని పన్నెండున్నరకు బయల్దేరాం.

పాడేరు మీదుగా పెదబయలు దాటేలోపు జీపును నాలుగు చోట్ల ఆపారు. ఆపింది పోలీసులు కారు, ఆడవాళ్లు. రోడ్డుకు అడ్డంగా వెదురు బొంగు పట్టుకుని, ఒకరి నడుం ఒకరు చుట్టి, పాడుతూ నిలబడ్డారు. పది రూపాయలిస్తే బొంగు లేస్తుంది. లేకపోతే మనమూ దిగి ఆడాలి. మేడం ఒక చోట దిగి మూడడుగులు ధింసా ఆడింది. పది రూపాయలు కూడా ఇచ్చింది.

"ఇటుకల పండగండీ," అన్నాడు డ్రైవరు. "చైత్రంలో వొత్తాది. మగోళ్లు ఏటకి ఎల్తారు, ఆడోళ్లు రోడ్డుకి ఎల్తారు."

వేట అన్నప్పుడే నాకు బుర్ర వెలగాల్సింది. వెలగలేదు. పండగ కాబట్టి కుక్కలన్నీ ఊళ్లోనే దొరుకుతాయని సంతోషించాను.

ఆ ఊరి పేరు నేను రాయడం లేదు. తర్వాత జరిగినదాన్ని బట్టి ఎందుకు రాయలేదో మీకే తెలుస్తుంది. అటవీ శాఖలో కూడా చదవడం వచ్చినవాళ్లుంటారు. పెదబయలు నుంచి జీపు పోయినంత దూరం పోయి, ఆ పైన గంటన్నర నడిస్తే వస్తుందని మాత్రం చెప్పగలను. ముప్పై ఇళ్లు ఉంటాయి. మాకు దారి చూపించినవాడు సోమన్న, ఆ ఊరివాడే. ఆఫీసుల చుట్టూ తిరగడం తెలిసిన మనిషి. తెలుగు చక్కగా రాస్తాడు. తన ఇంటి వసారా మాకిచ్చి, ఆ సాయంత్రం కోడికూరతో అన్నం పెట్టాడు. మేడం శాకాహారి. ఆవిడకు అన్నంలో ఉప్పూ మిరపకాయా పెట్టారు. ఆవిడ అదే బాగుందని రెండుసార్లు చెప్పింది.

మర్నాడు ఎనిమిదికి బ్యానరు కట్టి పని మొదలుపెట్టాం. కుక్కల్ని ఎలా రప్పించాలా అని నేను రాత్రంతా ఆలోచించాను. పెట్టె మూత తియ్యగానే అవే వచ్చాయి. హార్బరు ఐసు ఖర్చు దండగ కాలేదు.

మేడం చేతిలో ఫారాలున్నాయి. కుక్క పేరు, జాతి, వయసు, యజమాని పేరు, సంతకం. మొదటి కుక్క దగ్గరే చిక్కొచ్చింది.

"కుక్క పేరేంటమ్మా?"

"కుక్కకి పేరేటి?" అంది దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్న ముసలమ్మ. "కూతేస్తే వొత్తాది."

"ఎవరి కూతకి ఏది వస్తుందో ఎలా తెలుస్తుంది మరి?"

"దానికి తెల్దేటి?"

గడి ఖాళీగా ఉండకూడదని మేడం తానే పేర్లు పెట్టుకుంటూ పోయింది. టైగర్, రాజా, రాకీ, రాకీ రెండు. పన్నెండయ్యేసరికి నలభై కుక్కలకు పైగా టీకాలు వేశాం. ఏ యజమానినీ ఏ కుక్కా కరవలేదు. అప్పల్రాజును మాత్రం రాకీ రెండు కరిచింది. "నా మొకం ఈడికి నచ్చనేదు సార్," అని వాడు డెట్టాలు పూసుకుని, తనకూ ఓ ఇంజక్షను గుచ్చుకున్నాడు.

తర్వాత మేడానికి ఆపరేషను గుర్తొచ్చింది. సంఘంవాళ్లకు చూపించడానికి కనీసం ఒక్క ఫొటో అయినా కావాలి. నేను ఒక మగ కుక్కను ఎంచాను. ఎర్రటి ఒళ్లు, చీలిన చెవి, సన్నటి నడుం. ఇంజక్షను వేసినా చప్పుడు చెయ్యలేదు. అలాంటి కుక్కను చూసి చాలా కాలమైంది నాకు.

"దీని యజమాని ఎవరు?" అడిగింది మేడం.

ఆడవాళ్లు వాళ్ల భాషలో ఏదో గొణుక్కున్నారు. "సంతకం పెట్టగలిగేవాళ్లు ఎవరైనా రావాలి," అంది మేడం, గడియారం చూసుకుంటూ. సోమన్న ముందుకొచ్చాడు.

"మా ఇంటి కుక్కేనండి. ఎక్కడెట్టమంటారు సంతకం?"

"పది రోజులు పరుగు పెట్టకూడదు, తెలుసుగా," అన్నాను నేను.

"అలాగేనండి," అన్నాడు సోమన్న. గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు.

పాత తలుపు చెక్కను రెండు రోళ్ల మీద వేసి, దాని మీదే ఆపరేషను చేశాను. పాతిక నిమిషాలు పట్టింది. కుట్లు ఎంత బాగా పడ్డాయంటే అప్పల్రాజు కూడా మెచ్చుకున్నాడు. మేడం నాలుగు ఫొటోలు తీసింది. మత్తులో నాలుక బయటపెట్టి పడుకున్న కుక్కను నీడలో గోనెపట్టా మీద పెట్టి మేం భోజనానికి లేచాం.

మూడింటికి బుద్రి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. పెదబయలు సంతలో చింతపండు అమ్మి, ఉప్పూ ఎండు చేపలూ కొనుక్కుని వస్తోంది. గోనెపట్టా దగ్గర ఆగింది. తల మీద గంప దించింది. అరవలేదు, ఏడవలేదు. కుక్క ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసింది.

"ఎవులు సేసారు?"

ఊరు ఊరంతా నా వైపు చూసింది.

"చిన్న ఆపరేషనమ్మా," అన్నాను, క్లినిక్కులో వాడే మెత్తటి గొంతుతో. "పది రోజుల్లో మామూలైపోతుంది. టీకా కూడా వేశాం."

"రేపు ఏట."

"రేపు మాత్రం పంపకూడదు. కుట్లు ఊడిపోతాయి."

"రేపు ఏట," అంది మళ్లీ, చెవిటివాడికి చెప్పినట్టు. ఆ కొండల్లో ఎవరినైనా నువ్వనే అంటారు, కలెక్టరైనా సరే. "నా కుక్క అది. నన్నడక్కుండా ఎలగ కోసావు నువ్వు?"

మేడం ఫారం తీసి సోమన్న సంతకం చూపించింది. బుద్రికి చదవడం రాదు. కాని ఆ సంతకం ఎవరిదో చెప్పగానే ఆవిడ ఫారం వైపు చూడ్డం మానేసి సోమన్న వైపు చూసింది. సోమన్న ఆవిడ మరిది.

సాయంత్రం ఊరి నాయుడి అరుగు మీద కూర్చోబెట్టారు మమ్మల్ని. నాయుడంటే అక్కడ కులం పేరు కాదు, ఊరి పెద్ద. వేసవిలో కూడా మంకీ క్యాపు పెట్టుకున్న ముసలాయన. ఆయన నిదానంగా చెప్పాక గాని నేనేం చేశానో నాకు అర్థం కాలేదు.

వేటలో ఏం దొరికినా వాటాలు వేస్తారు. వెళ్లిన మగవాడికి ఒకటి, వెళ్లిన కుక్కకు ఒకటి. కుక్క వాటా అది తిండి తినే ఇంటికి పోతుంది. ఆ మాంసం ముక్క విత్తనాలకు తగిలించి, దేవతకు మొక్కి, తర్వాతే ఆ ఇంటివాళ్లు పొలంలో విత్తు చల్లుతారు. బుద్రి మొగుడు రెండేళ్ల కిందట పోయాడు. ఇంట్లో మగదిక్కు లేదు. ఈ రెండు వేటలూ ఆ కుక్కే వెళ్లింది. ఆ కుక్క వాటాతోనే బుద్రి ఇల్లు ఊరి లెక్కలో ఒక ఇల్లుగా నిలిచింది, తన సామలూ చోళ్లూ తానే చల్లుకుంది. వాటా లేని ఇంటి విత్తనాలు ఇంకో ఇంటి ముక్కతో కలుపుకోవచ్చు. కలిపితే ఆ పొలం కూడా ముక్క ఇచ్చిన ఇంటిదే.

"మా వొదినే కదా, పరాయిదేటి?" అన్నాడు సోమన్న. "నా ముక్కే ఆవిడ ఇత్తనాలకీ తగిలించీద్దాం. కలిసి ఉంటాం." మాట మెత్తగానే ఉంది. రెండేళ్లుగా ఆయన అడుగుతున్నది అదేనట. మా ఫారంలో ఒక గడి ఉండబట్టి ఇవాళ్టికి కుదిరింది.

"నా పొలం నేను సల్లుకుంటాను," అంది బుద్రి. "సోమన్న పెళ్లాం పెట్టిన కూడు తినడానికి నాకు సేతుల్నేవేటి?"

మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. పర్సు తీసి ఐదువందల నోటు అరుగు మీద పెట్టింది.

"నోటు తగిలిత్తే సామలు మొలుత్తాయేటి?" అంది బుద్రి. నోటు వైపు చెయ్యి చాపలేదు.

నాయుడు కాసేపు చుట్ట కాల్చాడు. వాళ్ల భాషలో నలుగురితో మాట్లాడాడు. తర్వాత నాతో అన్నాడు: "కుక్కని పడుకోబెట్టినోడు కుక్క పని సెయ్యాలి. రేపు నువ్వు ఏటకి రా. ఏటైనా పడితే కుక్క వాటా నీకొత్తాది. అది బుద్రికి ఎల్తాది."

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆపేశాను. కోపం కూడా వచ్చింది. యూనివర్సిటీలో ఐదేళ్లు చదివి, క్లినిక్కు ముందు రెండు భాషల్లో బోర్డు పెట్టుకున్నవాణ్ణి, మోకాళ్ల నొప్పులున్నవాణ్ణి. ఈ ముక్కలన్నీ నోటిదాకా వచ్చాయి. పక్కనే బుద్రి కుక్క మత్తు దిగక, లేవబోయి కూలబడి, మళ్లీ లేవబోయి కూలబడుతోంది. ఆవిడ దాని నడుం కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. నాకు సిగ్గేసింది. నా జన్మలో ఎవరి పొట్టా కొట్టలేదనుకునేవాణ్ణి. ఇవాళ మధ్యాహ్నం పాతిక నిమిషాల్లో, మంచి కుట్లతో, ఒక ఆడమనిషి ఇల్లు ఊడగొట్టాను.

"వస్తాను," అన్నాను.

మేడం నన్ను పక్కకు పిలిచింది. "డాక్టరు గారూ, మనది జీవకారుణ్య సంఘం. మీరు వేటకా?"

"మరేం చెయ్యమంటారు?"

ఆవిడ చేతిలో ఫారాలు సర్దుకుంది. "మీరు అరవండి, చాలు. చంపకండి."

"ఎల్లండి సార్," అన్నాడు అప్పల్రాజు. "ఈ ఊర్లో మనకి ఆపరేషన్ కేసులు ఇంకేటీ రావు."

తెల్లవారుజామున నన్ను బుద్రే లేపింది. చేతిలో ఆనప బుర్ర నిండా చోడి అంబలి, అంటే రాగి జావ. "మా గుమ్మంలో కూకుని తాగు. మా ఇంట తిని ఎల్తేనే వాటా మాది." వెళ్లి ఆవిడ గుమ్మంలో కూర్చుని తాగాను. చల్లగా, పుల్లగా ఉంది. అంతవరకు నేను బుద్ధిమంతుణ్ణే. చెప్పుల కోసం సోమన్న వసారాలోకి వచ్చేసరికి ఆయన భార్య విస్తరి వేసి ఉంది. వేడి అన్నం, రాత్రి కోడికూర. "రెండు ముద్దలు తిని ఎల్లండి బాబూ, కొండెక్కాల," అంది ఆప్యాయంగా. అంబలి తాగినవాడికి కోడికూర వాసన ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రెండు ముద్దలే తిన్నాను. ఆ తర్వాత ఇంకో నాలుగు.

ఐదున్నరకు బయల్దేరాం. బాణాలవాళ్లు గట్టు మీదికి పోయి కూర్చుంటారు. కుక్కలూ, వాటిని తోలేవాళ్లూ కింద లోయలో పొదల్ని కొడుతూ, అరుస్తూ, ఉన్నదాన్ని పైకి తరుముతారు. నాకు కుక్కల వైపు చోటిచ్చారు. నిన్న నేను టీకాలు వేసిన కుక్కలన్నీ నన్ను గుర్తుపట్టి దూరంగా నడిచాయి.

మొదట "హోయ్" అన్నాను. నా పక్కన పొదలు కొడుతున్న ముసలాయన ఆగి చూశాడు. "అలగ అరిత్తే పిట్ట కూడా ఎగరదు బాబూ. కడుపులోంచి అరవాల." కడుపులోంచి అరిచాను. పదిహేనేళ్లుగా మెత్తటి గొంతుతో బతికినవాడికి అదొక కొత్త సుఖం. కాని ఎండెక్కేసరికి గొంతు పోయింది. ముళ్లు చేతులు గీరేశాయి. రెండు లోయలు తిరిగినా ఏమీ లేవలేదు. మూడు చోట్ల అంబలి తాగాం. ఖాళీ చేతులతో ఊళ్లోకి వెళ్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారని అప్పుడు చెప్పారు నాకు. నా మనసులో మాత్రం పేడనీళ్లు లేవు. చేటలో సామలు పోసుకుని ఎదురుచూస్తున్న బుద్రి ఉంది.

రెండు గంటలప్పుడు మూడో లోయలో నా చెప్పు తెగింది. రాళ్ల మీద జారి, ఇరవై అడుగులు కిందికి దొర్లి, ఒక పెద్ద పొదలో పడ్డాను. పడుతూ ఏం అరిచానో నాకు తెలియదు. కడుపులోంచే అరిచి ఉంటాను. ఆ పొదలో అప్పటికే ఒకటి పడుకుని ఉంది. అది నాకన్నా ఎక్కువ భయపడి గట్టు మీదికి పరిగెత్తింది. పైన బాణాలవాళ్లు ఉన్నారు.

అదేం జంతువో రాయను. అటవీ శాఖ గురించి ముందే చెప్పాను. ఊరందరికీ సరిపోయింది.

నాలుగున్నరకు ఊళ్లోకి వచ్చాం. డప్పులు మోగాయి. పేడనీళ్ల కుండలు పక్కన పెట్టేసి ఆడవాళ్లు ఎదురొచ్చారు. నాయుడి వాకిట్లో ఆకులు పరిచి వాటాలు వేశారు. మగవాళ్ల వాటాలయ్యాయి, కుక్కలవి మొదలయ్యాయి. నా ఆకు దగ్గరికి వచ్చేసరికి సోమన్న లేచాడు.

"ఈ వాటా మా ఇంటికి రావాల. డాట్రుబాబు మొన్న మా ఇంటే తిన్నాడు, నిన్నా మా ఇంటే. ఇయ్యాల పొద్దున్న కూడా మా ఇంట కోడికూర తినే బయల్దేరాడు. అడగండి."

బుద్రి నా వైపు తిరిగింది. పొద్దున్న అంబలి తాగించిన ధీమా ఆవిడ మొహంలోంచి జారిపోవడం చూశాను. అంత చిన్నతనం నాకు ఎప్పుడూ అనిపించలేదు.

"తిన్నావా?" అడిగాడు నాయుడు.

అబద్ధం చెప్పొచ్చు. విస్తరి వేసిన సోమన్న భార్య ఎదురుగానే ఉంది. "ముందు బుద్రి ఇంట అంబలి తాగాను. తర్వాత వీళ్లింట రెండు ముద్దలు..." అన్నాను. "ఆరు," అంది సోమన్న భార్య.

నలుగురు ముసలాళ్లు తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. కుక్క రెండిళ్ల దగ్గర మూతి పెట్టడం ఆ ఊరికి కొత్త తగువు కాదట. దానికి వాళ్లకో పద్ధతి ఉంది. కుక్కను వాకిలి మధ్యలో వదిలి, రెండిళ్లవాళ్లూ చెరోవైపు నిలబడి కూత వేస్తారు. ఎవరి కూతకు వెళ్తే ఆ ఇంటి కుక్క.

నన్ను వాకిలి మధ్యలో కూర్చోబెట్టారు. మేడం కెమెరా సంచిలో పెట్టేసింది. ఆ మర్యాదకు ఆవిడకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

ముందు సోమన్న వంతు. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి తుడిచాడు. "డాట్రుబాబు గారూ, రండి. అలిసిపోనారు. ఏన్నీళ్లు కాగుతన్నాయి, తానం సేద్దురు గాని." నిజం చెబుతున్నాను, ఒళ్లంతా ఆ కుర్చీ వైపే లాగింది. లేవకుండా ఉండడానికి చేతులు నేలకు ఆనించాను.

తర్వాత బుద్రి. ఆవిడ నన్ను బాబూ అనలేదు, డాట్రూ అనలేదు. రోజూ పొలం నుంచి వస్తూ వేసే కూతే వేసింది, గొంతులోంచి పొట్టిగా, రెండుసార్లు.

నేను లేచాను. మోకాళ్లు పట్టేసి ఉన్నాయి. వంగి, తూలుతూ నడిచాను. సగం దూరం వెళ్లేసరికి జనంలో గోల లేచింది. నన్ను చూసి కాదు. మూడిళ్ల అవతల బుద్రి వసారాలోంచి ఎర్ర కుక్క లేచి వస్తోంది. వెనక కాళ్లు ఎడంగా వేసి, రెండడుగులకోసారి ఆగి, కూత వినబడిన వైపే వస్తోంది. పరుగు పెట్టించొద్దని చెప్పినవాణ్ణి నేనే. ఇద్దరం దాదాపు ఒకేసారి చేరాం. అది నాకన్నా ఒక అడుగు ముందు.

నాయుడు ఆకు ఎత్తి బుద్రి చేటలో పెట్టాడు. సోమన్న కుర్చీ తీసి లోపల పెట్టుకున్నాడు. బుద్రి మాంసంలోంచి ఒక ముక్క కోసి సామలకూ చోళ్లకూ తగిలించింది, ఇంకో ముక్క కుక్కకు పెట్టింది. అప్పుడు తల దించుకుని ఏడ్చింది, కాసేపే. నాకూ కళ్లు తడిశాయి. దుమ్ము పడిందన్నట్టు తుడుచుకున్నాను.

ఆ పూట సోమన్న ఇంట మాకు కోడికూర లేదు. మేడం రెండుసార్లు మెచ్చుకున్న ఉప్పూ మిరపకాయా ఎలా ఉంటాయో నాకూ తెలిసింది.

మర్నాడు పొద్దున్నే కుట్లు చూసి, మందు రాసి, ఎలా రాయాలో బుద్రికి నేర్పాను. ఆవిడ శ్రద్ధగా వింది. మేం బయల్దేరుతుంటే గుమ్మంలోకి వచ్చింది.

"మీదటేడు కుక్కే ఎల్తాది," అంది. "నువ్వు రానక్కర్నేదు."

"నేను సరిగ్గా చెయ్యలేదా?"

"సేసావు," అంది బుద్రి. "తిండి ఎక్కువ."

తిరుగు ప్రయాణానికి రైలు ముచ్చట వద్దన్నాను. పదింటికి పెదబయలులో బస్సెక్కి, పాడేరులో మారి, ఘాటు దిగి చోడవరం మీదుగా వచ్చాం. ఘాటులో వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లలో కూర్చోవాలి. మేడం రిపోర్టు రాస్తోంది. టీకాలు యాభై మూడు, ఆపరేషను ఒకటి. మూడో రోజు దగ్గర కలం ఆగింది. "ఏం రాయమంటారు?" అని అడిగింది. "క్షేత్ర పరిశీలన" అని రాయించాను. నా పక్కన కూర్చున్న స్కూలు మాస్టారు నా చేతుల మీద గీరలు చూసి, "ఏటండీ, కుక్కలు కరిసాయా?" అన్నాడు. "లేదండి, కుక్క పని చేశాను," అంటే కాస్త పక్కకు జరిగాడు.

మీలో ఎవరైనా ఆ కొండలకు సేవ చెయ్యడానికి వెళ్తే వెళ్లండి, టీకాలు మంచివే. చైత్రంలో మాత్రం ముందు ఊళ్లో నాలుగు మాటలు అడిగి, తర్వాత పెట్టె తెరవండి. నన్నడిగితే ఆ మూడు రోజుల గురించి చెప్పేది ఇంతే. ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో నేను ఒక మనిషి ఇల్లు నిలబెట్టింది ఆ ఒక్కసారే. అది కూడా ముందు రోజు నేను కూలదోసిన ఇల్లే.